హాలులో గోదావరి వంతెన



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు సర్వీసు నాటి అనుభవాలే వ్రాద్దామనుకున్నాను. కాని అనుభవాలు మీ అందరికీ ఉన్నవే. లైనుమీద ఎండా వానా చూసినవారికి, డ్రాయింగు ఆఫీసులో బల్లముందు కూర్చున్న నావంటివాడు కొత్తగా చెప్పేదేముంటుంది? అందుచేత రిటైరయిన తర్వాత నేను చేపట్టిన ఒక పనిని గురించి, ఆ పనిలో నాకు తెలిసివచ్చిన ఒక చరిత్రను గురించి వ్రాస్తున్నాను.

నేను 1969లో రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి 2006లో రిటైరయ్యాను. ఆ తర్వాత మా ఇంటి హాలులో ఒక గోడ పొడుగునా బల్ల వేసి, కొవ్వూరు నుంచి రాజమండ్రి వరకు రైలుమార్గాన్ని నమూనాగా కట్టడం మొదలుపెట్టాను. దాని నడుమ మన పాత గోదావరి వంతెన. పెద్దలు దాన్ని హేవలాక్ వంతెన అంటారు. బొమ్మ రైళ్ళతో ఆడుకోవడం పిల్లల పని గదా అని మొదట్లో కొందరు మిత్రులు హాస్యమాడారు. ఆడుకోవడమూ ఉంది, కాదనను. కాని ఒక పాత కట్టడాన్ని చిన్నదిగా మళ్ళీ కట్టాలంటే ప్రతి అంగుళం దగ్గరా ఆగి, ఇది ఇలా ఎందుకుంది అని ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నల వెంట వెళ్తే చరిత్ర దానంతటదే ఎదురువస్తుంది.

వంతెనకు ముందు

రైలు రాకముందే గోదావరి మీద పెద్ద కట్టడం ఒకటి లేచింది. అది ధవళేశ్వరం ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్ట వల్ల డెల్టాలో పంట పెరిగింది, కాలువల మీద పడవల రాకపోకలు పెరిగాయి. అయినా మద్రాసు నుంచి కలకత్తాకు తూర్పు తీరం వెంట రైలుదారి ఏర్పడడానికి మరో నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

ఈ ఆలస్యానికి కారణం మన నదులే. తూర్పు తీరంలో రైలు వేయాలంటే కృష్ణ, గోదావరి, మహానది వంటి నదులను అవి సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, బాగా వెడల్పయిన తర్వాత దాటాలి. కృష్ణమీద బెజవాడ దగ్గర 1893లో వంతెన పూర్తయింది. 1893 నుంచి 1896 వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరున బెజవాడ నుంచి కటకం దాకా లైను భాగాలు భాగాలుగా తెరిచారు. బెజవాడ, మద్రాసుల మధ్య లైను 1899లో కలిసింది. అంటే నదికి ఈవల కొవ్వూరు వరకు రైలుంది, ఆవల రాజమండ్రి నుంచి రైలుంది. మధ్యలో గోదావరి ఉంది. ప్రయాణికులు ఈ ఒడ్డున బండి దిగి, నీళ్ళమీద అవతలికి చేరి మళ్ళీ బండి ఎక్కవలసిందే. వరద రోజుల్లో పిల్లలతో, సామానుతో ఆ దాటడం ఎలా ఉండేదో ఊహించుకోవలసిందే.

వంతెన కట్టిన తీరు

1897 నవంబరులో పని ప్రారంభమై, 1900 ఆగస్టులో వంతెన తెరిచారు. మూడేళ్ళు కూడా నిండలేదు. పనికి సారథ్యం వహించిన ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్. అంతకు ముందు కాశీలో గంగమీద 1887లో తెరిచిన డఫరిన్ వంతెన పనిని నడిపించింది కూడా ఆయనే. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు ఈ వంతెనకు వచ్చింది.

మొత్తం 56 స్పాన్లు. ఒక్కొక్కటి 150 అడుగులు, అంటే 45.7 మీటర్లు. రాతి స్తంభాలు, వాటిమీద ఉక్కు గర్డర్లు. స్పాన్ల పొడవు కలిపితేనే రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది.

చూసేవారికి కనిపించేది స్తంభాలు, గర్డర్లు మాత్రమే. అసలు వంతెన ఇసుక కింద ఉంది. గోదావరి అడుగున చేతికందే లోతులో రాయి దొరకదు. పైగా వరద వచ్చినప్పుడు స్తంభాల చుట్టూ నీరు సుడి తిరిగి అడుగు ఇసుకను తోడుకుపోతుంది. దీన్నే మనవాళ్ళు స్కవర్ అంటారు. వేసవిలో స్తంభానికి ఆసరాగా ఉన్న ఇసుక ఆగస్టులో ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని బావి పునాదులు వేస్తారు. అడుగున పదునైన ఇనుప అంచు, దానిమీద గుండ్రంగా బావి గోడ కడతారు. లోపలి ఇసుకను తోడుతూ ఉంటే బావి తన బరువుతో తానే కిందికి దిగుతుంది. దిగినకొద్దీ పైన గోడ పెంచుతారు. వరద ఎంత తవ్వినా అందనంత లోతుకు దిగాక అడుగు మూసి, కడుపు నింపి, ఆపైన స్తంభం లేపుతారు. బావి ఒక పక్కకు ఒరిగితే దాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో బ్రిడ్జి సెక్షనులో పనిచేసినవారిని అడగండి. ఇదంతా నదిలో నీరు తగ్గిన నెలల్లోనే చేయాలి. గోదావరికి నీళ్ళొస్తే పని ఆగినట్టే.

ఈ లోపలి సంగతి మనవలకు తెలియాలని, నా బల్లకు ముందు వైపున నదిని నిలువునా కోసినట్టు చూపించాను. పైన నీరు, కింద ఇసుక, ఇసుకలోకి దిగిన బావులు. వంతెన చూడటానికి వచ్చిన పిల్లలు ముందుగా ఆ బావుల దగ్గరే ఆగుతారు. కనిపించని భాగమే వంతెనను నిలబెడుతోందని వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

స్కేలు ఎంపిక

ఇక నమూనా సంగతి. విదేశాల్లో ఎక్కువ వాడుకలో ఉన్న నమూనా రైళ్ళు హెచ్.ఓ. అనే కొలతవి. అసలులో 87వ వంతు. వాటి పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది వాళ్ళ స్టాండర్డ్ గేజికి, అంటే 1435 మిల్లీమీటర్లకు సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు తీసుకుంటే పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. అటువంటి పట్టా బజారులో దొరకదు. అదే 16.5 పట్టామీద మన ఇంజను బొమ్మను ఉంచితే, లావుపాటి మనిషి చిన్న పీటమీద కూర్చున్నట్టుంటుంది.

దీనికి డ్రాయింగు ఆఫీసు అలవాటే నాకు దారి చూపింది. నూరో వంతు స్కేలు తీసుకుంటే అదే 16.5 మిల్లీమీటర్ల పట్టా 1650 మిల్లీమీటర్లకు సమానమవుతుంది. మన బ్రాడ్ గేజికి తేడా వెంట్రుకవాసి. పైగా లెక్క సులువు. మీటరు సెంటీమీటరవుతుంది. 45.7 మీటర్ల స్పాను 45.7 సెంటీమీటర్లు. 21.3 మీటర్ల ఐ.సి.ఎఫ్. పెట్టె 21.3 సెంటీమీటర్లు. ఇంజనుకు మోటారు, చక్రాలు ఉన్న కింది భాగం మాత్రం కొని, పై భాగాలన్నీ చేత్తో చేసుకున్నాను.

అయితే నూరో వంతులో కూడా 56 స్పాన్లు పాతిక మీటర్ల పైమాటే. మా హాలు పొడవు అయిదు మీటర్లు. అందుచేత ఎనిమిదో వంతు తీసుకున్నాను. ఏడు స్పాన్లు, మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. స్పాను కొలత మాత్రం తగ్గించలేదు. స్పాన్ల సంఖ్యే తగ్గించాను. స్పాన్లను కుదించి 56 చూపించే మార్గమూ ఉంది. కాని అలా చేస్తే అది వంతెన కాదు, దువ్వెన అవుతుంది.

మలుపు విషయమూ చెప్పాలి. మన లెక్కలో ఒక డిగ్రీ మలుపు అంటే 1750 మీటర్ల వ్యాసార్థం. బ్రాడ్ గేజిలో పది డిగ్రీలకు మించనివ్వరు. అంటే 175 మీటర్లు. నా బల్లమీద అది 1.75 మీటర్లు. బండి గుండ్రంగా తిరిగి రావాలంటే బల్ల మూడున్నర మీటర్ల వెడల్పు ఉండాలి! హాలంతా బల్లే అయితే మా ఆవిడ ఎక్కడ కూర్చోవాలి? అందుకని గుండ్రపు దారి వేయలేదు. కొవ్వూరులో బయలుదేరిన బండి రాజమండ్రి చేరి, ఇంజను మార్చుకుని తిరిగివస్తుంది. అసలు రైళ్ళు చేసేది అదే గదా.

ఏ సంవత్సరాన్ని కట్టాలి?

నమూనా కట్టేవాడు ముందుగా తేల్చుకోవలసింది సంవత్సరం. ఒకే చోటు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క రకంగా ఉంటుంది.

1900 సంవత్సరాన్ని కట్టవచ్చు. అప్పుడు లైను కొత్తది. 1901లో ఈస్ట్ కోస్ట్ లైను దక్షిణ భాగం మద్రాసు రైల్వే చేతికి, 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళాయి. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఎం.ఎస్.ఎం. అయింది. మా పెద్దలకు రైల్వే అంటే ఎం.ఎస్.ఎం.ఏ. 1951లో సదరన్ రైల్వే, 1966 అక్టోబరు 2న మన దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాయి. ఇన్ని పేర్లు మారినా నది మీద వంతెన అదొక్కటే.

1997ను కూడా కట్టవచ్చు. 1974లో తెరిచిన రైలు కం రోడ్డు వంతెన, 1997లో రైళ్ళు మొదలైన ఆర్చి వంతెన, పక్కనే పాత వంతెన. రోడ్డు వంతెనలో 91.5 మీటర్ల స్పాన్లు 27, పాత వంతెన కొలతకు సమానమైన 45.7 మీటర్ల స్పాన్లు 7. పైన రోడ్డు, కింద రైలు. ఆర్చి వంతెనకు 97.5 మీటర్ల స్పాన్లు 28. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే నూరేళ్ళ ఇంజనీరింగు కనిపిస్తుంది. స్పాను పెరిగినకొద్దీ నదిలో దింపవలసిన బావులు తగ్గాయి. 1900లో 56 అడుగులు వేసి దాటిన నదిని 1997లో 28 అడుగుల్లో దాటారు.

నేను ఎంచుకున్నది 1973. రెండో వంతెనకు ముందటి సంవత్సరం. అప్పటికి నేను సర్వీసులో చేరి నాలుగేళ్ళు. ఆవిరి ఇంజన్లు ఇంకా ఉన్నాయి, డీజిల్ ఇంజన్లూ వచ్చాయి. కాబట్టి నా బల్లమీద ముక్కున నక్షత్రం ఉన్న డబ్ల్యు.పి. ఇంజనుకూ చోటుంది, డబ్ల్యు.డి.ఎం.-2 డీజిలుకూ చోటుంది. అన్నిటికంటె ముఖ్యంగా, హౌరా-మద్రాసు మార్గం మొత్తానికి ఇక్కడ ఒక్కటే లైను.

సామగ్రి

ఖరీదయిన వస్తువులేమీ లేవు. బల్లకు ప్లైవుడ్, ఒడ్డుకు థర్మోకోల్, దానిమీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. స్తంభాలకు చెక్క, దానిమీద రాతి వరసలు గీసిన అట్ట. గర్డర్లకు ఇత్తడి రేకులు, గొడుగు ఊచలు. రైలు పెట్టెలు చాలావరకు పెళ్ళి శుభలేఖల అట్టలతో చేసినవి. ఈ కాలపు శుభలేఖల అట్ట ఎంత దళసరిగా ఉంటుందో మీకు తెలియనిది కాదు. బంధువుల ఇళ్ళలో ముహూర్తాల సీజను అయ్యాక నాకు పెట్టెల సీజను వచ్చేది. ఇసుక మాత్రం గోదావరిదే. మూడుసార్లు జల్లించి, మా కోడలి దగ్గర పాత టీ వడపోత తీసుకుని మరోసారి వడగట్టి పరిచాను.

బండి పొడవు తేల్చడానికి కొంత ఆలోచించవలసి వచ్చింది. పదహారు పెట్టెల బండి దాదాపు 350 మీటర్లుంటుంది. రెండున్నర కిలోమీటర్ల వంతెనమీద అది ఏడో వంతు. నా ఏడు స్పాన్లలో ఏడో వంతంటే ఇంజను, ఒక పెట్టె. అదీ బాగుండదు. పూర్తి బండి పెడితే వంతెన మొత్తం బండి కిందే దాగిపోతుంది. ఇంజను, నాలుగు పెట్టెలు పెట్టాను. వంతెనలో మూడో వంతు అయింది. వంతెన పొడుగ్గానూ కనిపించాలి, బండి బండిలాగానూ కనిపించాలి.

వంతెనమీద ఒక్క బండి

మా మనవడు కొవ్వూరు స్టేషన్ మాస్టరు. మనవరాలు గోదావరి స్టేషన్ మాస్టరు. ఇద్దరికీ ఒకే నియమం. టోకెను చేతిలో లేనిదే బండి వంతెన ఎక్కకూడదు. సింగిల్ లైను సెక్షన్లలో బాల్ టోకెను పద్ధతి మన ఆపరేటింగు మిత్రులకు కంఠోపాఠం. ఇక్కడ బంతికి బదులు ఒక రంగు గోళీ. గోళీ ఒక్కటే ఉంటుంది కాబట్టి వంతెనమీద బండీ ఒక్కటే ఉంటుంది. ఇంత చిన్న వస్తువు ఇన్ని ప్రాణాలను కాపాడే ఏర్పాటు ఎలా అయిందో గోళీ పట్టుకున్న పిల్లకు అర్థమవుతుంది.

గంటకు 30 కిలోమీటర్ల వేగమనుకుంటే అసలు వంతెన దాటడానికి సుమారు అయిదు నిమిషాలు. నా వంతెనకు స్కేలు ప్రకారం 38 సెకన్లు. ఆ 38 సెకన్లూ అవతలి ఒడ్డు బండి కదలకూడదు. ఒకరోజు మనవరాలు విసుగుపడి, "తాతయ్యా, నా మెయిలు లేటైపోతోంది. ఇంకో లైను వెయ్యొచ్చు కదా!" అంది. 1974లో జరిగింది సరిగ్గా అదేనమ్మా అన్నాను. పుస్తకంలో ఒక వాక్యంగా చదివితే రెండో వంతెన ఎందుకు కట్టారో తలకెక్కదు. గోళీ కోసం కాచుకున్నవాళ్ళకు ఎక్కుతుంది.

నమూనాలో పట్టనివి

ఇంతవరకు నమూనా నేర్పినది చెప్పాను. నేర్పలేనిదీ ఉంది.

బండి వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారేది. నిద్రపోతున్నవాళ్ళు కూడా గోదావరి వచ్చిందని లేచేవారు. కిటికీలోంచి నదిలోకి నాణెం వేసి దణ్ణం పెట్టుకునేవారు. తల్లి చేతి నాణెం కోసం పిల్లలు పోటీపడేవారు. ఇదంతా బల్లమీద ఎలా చూపించను? నా బండి కిటికీలకు సెల్యులాయిడ్ అతికించగలను గాని, వాటి వెనుక చేతులు అతికించలేను. పుష్కరాల జనసమ్మర్దాన్ని, వరద రోజున ఎర్రనీళ్ళు చూస్తూ నిలబడ్డ గ్యాంగ్‌మన్ మనసును ఏ స్కేలులో చూపాలి?

అంతకంటె పెద్ద లోటు ఇంకొకటి. వంతెనకు గవర్నరు పేరుంది. ఇంజనీరు పేరు చరిత్రలో ఉంది. బావుల్లో దిగి ఇసుక తోడినవారి పేర్లు, రాళ్ళు మోసినవారి పేర్లు, రివెట్లు కొట్టినవారి పేర్లు నేను చదివిన ఏ కాగితంలోనూ కనిపించలేదు. తొంభై ఏడేళ్ళపాటు ఆ పట్టాలు బిగించి, స్లీపర్లు మార్చి, గర్డర్లకు రంగువేసి, రాత్రిపూట లాంతరు పట్టుకుని గస్తీ తిరిగినవారి పేర్లూ అంతే. స్తంభానికి కొలత ఉంటే నేను కట్టగలను. మనిషికి కొలత ఎక్కడిది?

అందుకే నమూనా పూర్తవుతున్నకొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమైంది. ఇనుమూ రాయీ తమ సంగతి తామే చెప్పుకోగలవు. పాత వంతెన నేటికీ నదిలో నిలబడే ఉంది. 1997లో రైళ్ళు ఆగిపోయిన తర్వాత దాన్ని ఏం చేయాలన్న మాటలు ఏళ్ళ తరబడి నడిచాయి. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో దాన్ని పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే పని కూడా చేర్చారు. సంతోషమే. రేపు మన మునిమనవలు దానిమీద నడుస్తూ నదిని చూస్తారు. కాని ఇక్కడ రైలు ఎలా నడిచింది, ఎవరు నడిపారు అని వాళ్ళు అడిగితే చెప్పడానికి ఎవరుంటారు? ఆ వంతెనమీద పనిచేసినవారిలో ఇప్పుడు ఎనభై దాటినవారే ఎక్కువ. ప్రతి సంచికలోనూ శ్రద్ధాంజలి శీర్షిక కింద కొన్ని పేర్లు చూస్తూనే ఉన్నాం. ఒక్కొక్క పేరుతో ఎంత తెలివిడి వెళ్ళిపోతోందో ఆలోచించండి.

ఒక మనవి

కనుక సభ్యులకు నా మనవి ఇది. నమూనాలు కట్టమని అనను. అందరికీ ఓపికా, హాలూ ఉండవు. మీరు పనిచేసిన స్టేషను, సెక్షను, షెడ్డు, కేబిను, ఏదైనా సరే, ఒక కాగితం మీద చేతనైనట్టు గీయండి. మెయిన్ లైను ఎక్కడ, లూపు ఎక్కడ, నీళ్ళ కాలమ్ ఎక్కడ, క్వార్టర్లు ఎక్కడ, టీ కొట్టు ఎక్కడ. స్కేలు అక్కరలేదు. పక్కన మీతో పనిచేసినవారి పేర్లు వ్రాయండి. గ్యాంగ్‌మన్ పేరు, పాయింట్స్‌మన్ పేరు, పోర్టరు పేరు ముందుగా వ్రాయండి. ఆఫీసర్ల పేర్లు ఎలాగూ ఎక్కడో ఒకచోట ఉంటాయి. పాత ఫొటో ఉంటే వెనుక వైపు సంవత్సరం, అందులో ఉన్నవారెవరో వ్రాసిపెట్టండి. పేరు లేని ఫొటో మన తర్వాత ఎవరికీ పనికిరాదు.

కుటుంబ సభ్యులకూ ఒక మాట. ఇంట్లో పెద్దాయన రైల్వే కబుర్లు మొదలుపెడితే "మళ్ళీ మొదలెట్టారా" అనకండి. పక్కన కూర్చుని సెల్‌ఫోనులో రికార్డు చేయండి. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎవరెవరు అని మధ్యలో అడగండి. రాజమండ్రి వైపు వచ్చినవారు పిల్లలను తీసుకుని మా ఇంటికీ రండి. కొవ్వూరు స్టేషన్ మాస్టరు పెద్ద చదువులకు హైదరాబాదు వెళ్ళాడు, ఆ ఉద్యోగం ఖాళీగానే ఉంది. చార్జి తీసుకునేవారికి గోళీ సిద్ధంగా ఉంది.